ట్రెబుల్ పెరిగిందా, బేస్ పోయిందా?

పాత ట్యూబ్ యాంప్ చెవులు కోసేలా మోగుతుంటే చేయి ముందుగా ట్రెబుల్ నాబ్ మీదికే పోతుంది. ఆరు మీదున్నదాన్ని మూడుకు, మూడు నుంచి రెండుకు తగ్గిస్తారు. కీచుదనం కొంత తగ్గుతుంది కానీ దాంతోపాటు తీగల మెరుపూ పోతుంది. తర్వాత ట్యూబులు మారుస్తారు, ఆ తర్వాత స్పీకర్ మారుస్తారు. వేలల్లో ఖర్చయ్యాక కూడా ఆ గొంతు ఇంకా పలచగానే ఉంటుంది. ఎందుకంటే వయసు మీదపడిన యాంపుల్లో చాలావాటికి పైన కొత్తగా వచ్చి చేరిందేమీ లేదు. కింద ఉండాల్సింది పోయింది. రిపేరు మొదలుపెట్టే ముందు ఈ రెండింట్లో ఏది జరిగిందో తేల్చుకోవాలి, దానికి కొన్ని అంకెలు కావాలి.

గిటార్ లావు తీగ వదులుగా మీటితే 82 హెర్ట్జ్. సన్న తీగ మీద 22వ మెట్టు దగ్గర సుమారు 1,175 హెర్ట్జ్. అంటే వాయించే స్వరాల అసలు పౌనఃపున్యాలన్నీ 1,200 లోపే ముగుస్తాయి. అంతకు పైన వినిపించేవన్నీ ఆ స్వరాల అనుస్వరాలు. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా పట్టేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. గిటార్ స్పీకర్లు ఎక్కువ గట్టిగా మోగేదీ ఇంచుమించు అక్కడే. కాబట్టి 200 హెర్ట్జ్ కింద 6 డెసిబెళ్లు పోతే, అంటే వోల్టేజీ సగానికి పడిపోతే, వాయించేవారికి వెలితి తెలిసి వాల్యూమ్ పెంచుతారు. పెంచిన మేరకు ఆ 3,000 హెర్ట్జ్ దగ్గరి ముల్లు చెవిలో గుచ్చుకుంటుంది. బేస్ పోయిన సంగతి గమనానికి రాదు, ట్రెబుల్ పెరిగిందనే అనిపిస్తుంది.

మాట గాలిలో తేలిపోకుండా ఒకే యాంప్‌ను ముందు పెట్టుకుందాం. ఫెండర్ డీలక్స్ రివర్బ్, 1963 నుంచి 1967 వరకు నల్ల ప్యానెల్‌తో వచ్చిన ఏబీ763 సర్క్యూట్. 22 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి. ట్యూబులు మొత్తం 9: ముందు భాగంలో ఆరు చిన్నవి, చివర రెండు 6వీ6లు, కరెంటును ఏసీ నుంచి డీసీకి మార్చే జీజెడ్34 ఒకటి. అదే సర్క్యూట్‌ను కంపెనీ 1990లలో మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది, వాటిలో తొలినాటివి కూడా ఇప్పుడు ముప్పై ఏళ్లవి. దీని ప్లాన్ తెలిస్తే మిగతా ఫెండర్లు, కొంత తేడాతో మార్షల్‌లు కూడా అర్థమవుతాయి.

విప్పకముందే

స్క్రూడ్రైవర్ తీయకుండా చూడాల్సినవి మూడున్నాయి. మొదటిది, మీరు నిలబడ్డ చోటు. 12 అంగుళాల కాగితపు కోన్‌లో నిజంగా కదిలే భాగం వ్యాసం సుమారు 26 సెంటీమీటర్లు. 3,000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 11 సెంటీమీటర్లే. కోన్ కన్నా తరంగం చిన్నదైనప్పుడు ధ్వని చుట్టూ పరుచుకోకుండా టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. యాంప్ నేల మీదుంటే ఆ ధార మోకాళ్లకు తగులుతుంది, వాయించేవారికి మెత్తగానే వినిపిస్తుంది, ఎదురుగా కుర్చీలో కూర్చున్నవారికి మాత్రం చెవుల్లో దిగుతుంది. యాంప్‌ను కొత్తగా స్టూలు ఎక్కించి ఉంటే, లేదా గది మారి టైల్స్ నేల, బోసి గోడలు ఎదురైతే, జబ్బు యాంప్‌ది కాకపోవచ్చు. చెవిని స్పీకర్ నడిమికి ఒకసారి, పక్కకు జరిపి ఒకసారి పెట్టి వినండి.

రెండోది కేబుల్. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికో ఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. స్ట్రాట్ తరహా పికప్ ఇండక్టెన్స్ దాదాపు 2.5 హెన్రీలు. ఈ రెండూ కలిసి ఒకచోట శిఖరం కడతాయి. పికప్ సొంత కెపాసిటెన్స్ 100 పికో ఫారడ్లు కలుపుకుంటే 6 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం 3,800 హెర్ట్జ్ దగ్గర, 3 మీటర్ల కేబుల్‌తో 5,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. కేబుల్ సగం చేస్తే 1,200 హెర్ట్జ్ పైకి జరుగుతుంది. మధ్యలో బఫర్ ఉన్న పెడల్ పెట్టినా ఇదే ఫలితం, దాని తర్వాతి కేబుల్ పొడవును పికప్ ఇక చూడదు. ఇలాంటి మార్పులు యాంప్ పాతబడిన కాలంలోనే జరిగి ఉంటాయి, నింద మాత్రం యాంప్ మీద పడుతుంది.

మూడోది వాల్యూమ్ నాబ్ ఎక్కడుందన్నది. దీని మీద కాస్త ఆగాలి.

47 పికో ఫారడ్ల చిన్న బిళ్ల

డీలక్స్ రివర్బ్‌లో వైబ్రాటో చానెల్ వాల్యూమ్ పాట్ 1 మెగా ఓమ్. దాని ఒంటి మీదే 47 పికో ఫారడ్ల కెపాసిటర్ ఒకటి శాశ్వతంగా అతికి ఉంటుంది, ఆపే స్విచ్ లేదు. వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట్ మొత్తం సిగ్నల్‌నూ అణచాలి, కానీ పై పౌనఃపున్యాలు ఈ కెపాసిటర్ గుండా పక్కదారిలో వెళ్లిపోతాయి. పాట్ 5 శాతం సిగ్నల్‌ను మాత్రమే వదిలే చోట, అంటే నాబ్ సుమారు 3 మీద ఉన్నప్పుడు, 5,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 4.7 డెసిబెళ్లు అదనంగా దాటుతాయి. సగం వదిలే చోట ఆ అదనం 1.3 డెసిబెళ్లకు పడిపోతుంది. పూర్తిగా తెరిస్తే సున్నా.

ట్విన్ రివర్బ్‌లో బ్రైట్ స్విచ్ వేస్తే అదే స్థానంలోకి 120 పికో ఫారడ్లు వస్తాయి. అదే 5 శాతం దగ్గర లెక్క కడితే 11 డెసిబెళ్లు దాటుతుంది. మార్షల్ సూపర్ లీడ్‌లలో 5,000 పికో ఫారడ్లు పెట్టినవీ ఉన్నాయి. ఆ విలువతో తక్కువ వాల్యూమ్‌లో 700 హెర్ట్జ్ పైనున్న సిగ్నల్‌కు పాట్ దాదాపు లేనట్టే. నాబ్ రెండు మీద పెట్టినా చెవులు చిల్లులు పడటానికి కారణం అదే. ఇవి పాట్, కెపాసిటర్ రెండింటినే చూసి కట్టిన లెక్కలు, చుట్టూ ఉన్న భాగాల వల్ల కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఈ యాంపులు స్టేజీ మీద నాబ్ ఆరు, ఏడు దాకా తెరిచి వాయించడానికి పుట్టాయి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గదిలో రెండు మీద నడుస్తున్నాయి. వాల్యూమ్ పెంచేకొద్దీ కీచుదనం తగ్గుతుంటే యాంప్‌లో పాడైనదేమీ లేదు. ఆ కెపాసిటర్ ఒక కాలు విప్పి విని చూడండి, నచ్చితే అలాగే ఉంచుకోండి. ఇల్లే వేదిక అయినవారికి అందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

స్పీకర్ మార్చినప్పుడు కూడా ఇదే లెక్క వెనకనుంచి వస్తుంది. 97 డెసిబెళ్ల సామర్థ్యం ఉన్న పాత స్పీకర్ తీసి 100 డెసిబెళ్లది పెడితే, 22 వాట్ల యాంప్ 44 వాట్ల యాంపంత గట్టిగా మోగుతుంది. అప్పుడు అదే శబ్దానికి నాబ్‌ను ఇంకా కిందికి దించాలి, దించినకొద్దీ ఆ చిన్న బిళ్ల పని పెరుగుతుంది.

రెండు చానెళ్ల పరీక్ష

వైబ్రాటో చానెల్ పక్కనే నార్మల్ చానెల్ ఉంది. దానికి బ్రైట్ కెపాసిటర్ లేదు, రివర్బ్ దారి లేదు, ట్యూబు వేరు. సిగ్నల్‌ను రెండు 6వీ6లకు ఎదురెదురుగా పంచే ఫేజ్ ఇన్వర్టర్ దగ్గర రెండూ కలుస్తాయి, అక్కణ్నుంచి 6వీ6లు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ అన్నీ ఉమ్మడి. వాల్యూమ్ సగం తెరిచి గిటార్‌ను రెండింట్లోనూ పెట్టి వినండి. వైబ్రాటోలో మాత్రమే కోస్తుంటే తప్పు ముందు భాగంలో ఉంది. రెండింట్లోనూ కోస్తుంటే చాలావరకు వెనక భాగంలో ఉంటుంది. ఒక్క నిమిషం పరీక్షతో వెతకాల్సిన జాగా సగానికి తగ్గిపోతుంది. ఇది చేయకుండా భాగాలు కొనేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక మూత తీయాలి. తీసేముందు: ఈ యాంప్‌లో 415 వోల్టుల డీసీ తిరుగుతుంది. స్విచ్ ఆపి ప్లగ్ పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. మొదటి జతలోనే, 32 మైక్రో ఫారడ్లలో, 2.7 జౌళ్లకు పైగా శక్తి నిలుస్తుంది. అది ప్రాణం మీదికి తేవచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్లకు తగ్గని రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ప్లస్ నుంచి చాసిస్‌కు కలిపి పది సెకన్లు ఆగండి, తర్వాత మీటర్‌తో కొలవండి. ప్రతి కెపాసిటర్ మీదా కొన్ని వోల్టులకు దిగిందని మీటర్ చూపాకే చేయి పెట్టాలి. అమెరికా నుంచి రెండు పిన్నుల ప్లగ్‌తోనే వచ్చిన పాత యాంప్ అయితే, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించడం అన్నిటికన్నా ముందు పని. ఈ పనులు ఎప్పుడూ చేయనివారు ఇక్కడితో ఆగి, కింది అంకెలను మెకానిక్ చేతికివ్వండి.

ఎండిపోయిన 25 మైక్రో ఫారడ్లు

తప్పు ముందు భాగంలో ఉంటే నేను మొదట అనుమానించేది కాథోడ్ కెపాసిటర్లను. ముందు భాగంలో 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబుల దశల్లో చాలావాటికి కాథోడ్ దగ్గర 1,500 ఓమ్‌ల రెసిస్టర్, దాని పక్కనే 25 మైక్రో ఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ ఉంటాయి. ఆ కెపాసిటర్ ఉన్నంతసేపూ ట్యూబు పూర్తి గెయిన్ ఇస్తుంది. పూర్తిగా పోతే గెయిన్ దాదాపు 6 డెసిబెళ్లు పడిపోతుంది. ఎలక్ట్రోలిటిక్ లోపల ఉండేది తడి, అది ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్లకే వీటి మీద నమ్మకం తగ్గాలి. ఏబీ763లకు అరవై నిండుతున్నాయి.

కొత్తగా ఉన్నప్పుడు ఈ జంట 8 హెర్ట్జ్ వరకు బేస్‌ను కాపాడుతుంది. ఎండి 1 మైక్రో ఫారడ్‌కు వస్తే ఆ గీత 200 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. అర మైక్రో ఫారడ్‌కు వస్తే 400కు. లావు తీగలు మూడూ, 82, 110, 147 హెర్ట్జ్, ఆ గీత కిందే పడతాయి. ఇలాంటి దశలు సిగ్నల్ దారిలో రెండు వరుసగా ఉంటే నష్టం రెట్టింపు. మార్షల్ లీడ్ చానెల్‌లో ఇదే పనిని కావాలనే చేస్తారు: 2,700 ఓమ్‌లు, 0.68 మైక్రో ఫారడ్లు. అది ఆ యాంప్ స్వభావం. మీ ఫెండర్ అడగకుండానే అటు జరిగిపోయింది.

పరీక్ష తేలిక. యాంప్ ఆపి, ఛార్జ్ దించి, పాత కెపాసిటర్‌కు సమాంతరంగా 25 వోల్టుల, 22 లేదా 25 మైక్రో ఫారడ్ల కొత్తదాన్ని గుర్తులు సరిచూసి క్లిప్ చేసి, మళ్లీ వేసి వినండి. గొంతు ఒక్కసారిగా లావెక్కితే దొంగ దొరికినట్టే. ఈ కెపాసిటర్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనైనా, ఏ ఊరి ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా కొద్ది రూపాయలకే దొరుకుతుంది.

వైబ్రాటో చానెల్‌లో ఇంకొక మూల చాలామంది చూడరు. రివర్బ్ కలిసే చోట అసలు సిగ్నల్ 3.3 మెగా ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది, దాని మీద 10 పికో ఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ పైకి జరుగుతాయి, విలువ పెద్దదైతే జరగడమూ ఎక్కువే. ఆ 3.3 కాస్తా 5 మెగా ఓమ్‌లు అయిందనుకోండి. కింది స్వరాలు 3.4 డెసిబెళ్లు తగ్గుతాయి, 5,000 హెర్ట్జ్ దగ్గర 1.2 మాత్రమే తగ్గుతుంది, ఎందుకంటే పై స్వరాలకు కెపాసిటర్ దారి ఉండనే ఉంది. రెసిస్టర్ పూర్తిగా తెగిపోతే మిగిలేది ఆ 10 పికో ఫారడ్ల దారి ఒక్కటే, టెలిఫోన్‌లో వింటున్నట్టు సన్నటి గొంతు. ఒక కాలు విప్పి మీటర్‌తో కొలవండి, 10 శాతం దాటి జరిగి ఉంటే మార్చేయండి. టోన్ కంట్రోళ్ల దగ్గర 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌దీ ఇదే కథ. అది పైకి జరిగితే బేస్, మిడ్ రెండూ చిక్కిపోతాయి.

రెండు చానెళ్లూ కోస్తుంటే

వెనక భాగంలో ముందు చూడాల్సింది బయాస్, అంటే స్వరం లేనప్పుడు కూడా 6వీ6ల్లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక. ఒక 6వీ6 ధ్వని తరంగంలో పై సగాన్ని, ఇంకొకటి కింది సగాన్ని మోస్తాయి. అవి చేతులు మార్చుకునే చోట రెండూ కాస్త పని చేస్తూ ఉండాలి. కరెంటు మరీ తక్కువైతే అక్కడ గాటు పడుతుంది, గాటు నుంచి 3వ, 5వ, 7వ అనుస్వరాలు పుడతాయి. 220 హెర్ట్జ్ స్వరం మీటితే 660, 1,100, 1,540 అదనంగా వచ్చి చేరతాయన్నమాట. చిన్న శబ్దంలో ఆ గాటు వాటా ఎక్కువ. కాబట్టి గట్టిగా మీటినప్పుడు బాగుండి, స్వరం ఆరిపోతూ ఉండగా గరగరమంటే బయాస్‌ను అనుమానించండి.

6వీ6 పాత డేటాషీట్ ప్రకారం ప్లేటు భరించే వేడి 12 వాట్లు. అందులో 70 శాతం, అంటే 8.4 వాట్లు, 415 వోల్టుల దగ్గర ఒక్కో ట్యూబుకు సుమారు 20 మిల్లీ యాంపియర్లు. కాథోడ్ దగ్గర 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి కొలిస్తే 20 మిల్లీ వోల్టులకు కొంచెం పైన చూపాలి, స్క్రీన్ కరెంటు కూడా అందులో కలుస్తుంది కనుక. 8 మాత్రమే చూపిందంటే ట్యూబులు అలసిపోయాయి, లేదా బయాస్ తప్పింది. ఏబీ763 ప్లాన్‌లో గ్రిడ్ దగ్గర మైనస్ 35 వోల్టులు రాసి ఉంటుంది, సరిదిద్దే పాట్ కూడా లోపల ఉంది. రెండు ట్యూబుల మధ్య తేడా 5 మిల్లీ యాంపియర్లు దాటితే జతగా మార్చడం మంచిది.

ఇక్కడ మన కరెంటు సంగతి చెప్పుకోవాలి. పాత అమెరికా యాంప్ 117 వోల్టుల కోసం చేసింది. దాన్ని ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతాం. 230కి 120 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌కు అర్ధరాత్రి 250 వోల్టులు వస్తే అది 130 ఇస్తుంది, అసలు ఉండాల్సిన దానికన్నా 11 శాతం ఎక్కువ. అప్పుడు 415 వోల్టులు 460 దాటుతాయి, ట్యూబు ఫిలమెంట్ 6.3 నుంచి 7 వోల్టులకు వెళ్తుంది. ఆ ఫిలమెంట్‌కు ఇచ్చే సడలింపు 10 శాతమే. 6వీ6 డేటాషీట్ ప్లేటుకు 315 వోల్టులే అంటోంది, ఫెండర్ ఆ గీతను మొదటిరోజే దాటేసింది. మనం ఇంకా పైకి నెట్టకూడదు. రాత్రి ఒకలా, పగలు ఇంకోలా మోగే యాంప్ ఉంటే సాకెట్ దగ్గర వోల్టేజీ కొలిచాకే లోపల చేయి పెట్టండి. స్టెబిలైజర్ పెడితే తీరే జబ్బుకు ట్యూబులు కొనడం వృథా.

ఫిల్టర్ కెపాసిటర్లు ఎండితే వచ్చే కఠోరత్వం వేరే రకం. మన 50 హెర్ట్జ్ కరెంటు డీసీగా మారాక 100 హెర్ట్జ్ అల మిగులుతుంది, దాన్ని మింగాల్సింది ఇవే. మింగలేకపోతే ఆ అల స్వరంతో కలిసిపోతుంది. 440 మీటితే 340, 540 కూడా నీడల్లా వినిపిస్తాయి, ఏ రాగానికీ చెందని స్వరాలు. ఇవి పాతవైతే వినిపించినా వినిపించకపోయినా మార్చాల్సిందే, పగిలితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వెంట తీసుకుపోతాయి.

మరొకటి ఫీడ్‌బ్యాక్ తీగ. స్పీకర్ దగ్గరి నుంచి 820 ఓమ్‌ల రెసిస్టర్ గుండా వెనక్కి వచ్చి 47 ఓమ్‌ల మీద పడుతుంది, అంటే అవుట్‌పుట్‌లో 5.4 శాతం. చివరి భాగాన్ని అదుపులో ఉంచే కళ్లెం అదే. స్పీకర్ ఇంపెడెన్స్ పేరుకు 8 ఓమ్‌లే, పై పౌనఃపున్యాల్లో అది చాలా పెరుగుతుంది. కళ్లెం లేని యాంప్ అక్కడ ఎక్కువ వోల్టేజీ తోస్తుంది. 820 కాస్తా 1,200 అయితే ఫీడ్‌బ్యాక్ 30 శాతం తగ్గుతుంది. టంకం ఊడితే మొత్తం పోతుంది, శబ్దం పెరిగి, పైన మొరటుదనం వస్తుంది. యాంప్ ఉన్నట్టుండి ఒకరోజు గట్టిగా, మొరటుగా మోగడం మొదలుపెట్టిందంటే ముందు ఈ తీగే చూడండి.

ఫేజ్ ఇన్వర్టర్ నుంచి 6వీ6లకు వెళ్లే 0.1 మైక్రో ఫారడ్ల కెపాసిటర్ల మీద చాలా అపోహ ఉంది. ఇవి ఫిల్మ్ రకం. ఎండవు, విలువ తగ్గదు, కాబట్టి వయసుతో బేస్ తినవు. వీటికొచ్చే రోగం లీకు. 10 మెగా ఓమ్‌ల లీకు ఉన్నా చాలు, 220 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టర్ మీద 5 వోల్టులకు పైగా తేడా పడి, మైనస్ 35 కాస్తా మైనస్ 29 అవుతుంది. ఒక ట్యూబు వేడెక్కి ఎర్రబడుతుంది, ఇంకొకటి చల్లగా ఉంటుంది. 6వీ6లు తీసి రెండు సాకెట్లలో గ్రిడ్ వోల్టేజీ కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఆ కెపాసిటర్లు ఆరోగ్యంగా ఉన్నాయి. ఖరీదైన కొత్తవాటి కోసం వాటిని పీకేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. మార్చాల్సినవి ఎలక్ట్రోలిటిక్‌లు, జరిగిపోయిన రెసిస్టర్లు, అలసిన ట్యూబులు. 1965 నాటి నీలం ఫిల్మ్ కెపాసిటర్ లీకు లేకుండా ఉంటే దాన్ని బోర్డు మీదే ఉండనివ్వండి.

మార్చేటప్పుడు ఒకేసారి ఒకటే మార్చి వినాలి. కాథోడ్ కెపాసిటర్లు, బయాస్, ఫీడ్‌బ్యాక్ అన్నీ ఒకే మధ్యాహ్నం సరిచేస్తే ఏది గొంతు మార్చిందో తెలియదు, రెండేళ్లకు మళ్లీ అదే జబ్బు వస్తే మొదటినుంచీ వెతుక్కోవాలి. ప్రతి విలువనూ, మార్చకముందు ఎంత, మార్చాక ఎంత అని, తేదీతో సహా కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి గోడకు అతికించండి. తర్వాత ఈ యాంప్‌ను విప్పేవారికి, అది మీరైనా వేరెవరైనా, స్కీమాటిక్ కన్నా ముందు కావలసింది ఆ కాగితమే.